పూటకూళ్లవాని యింట చేర్చిన పిమ్మట

చదువవలసిన వాక్యభాగములు: లూకా 10:25–37; యోహాను 19:25–27; 1 తిమోతి 5:3–16; 2 సమూయేలు 4:4; 9:1–13; 16:1–4; 19:24–30



మంచి సమరయుని ఉపమానమును మనము చిన్ననాటినుండి వినుచున్నాము. యాజకుడు ఏమి చేసెనో, లేవీయుడు ఏమి చేసెనో, సమరయుడు ఏమి చేసెనో సండేస్కూలు పిల్లవాడైనను తడుముకొనకుండ చెప్పును. అయితే ఆ కథలో మనము త్వరగా దాటిపోవు మనుష్యుడు ఒకడున్నాడు. అతడు పూటకూళ్లవాడు. సమరయుడు గాయపడినవానిని తన స్వంత యింటికి తీసికొనిపోలేదు. దారిలోనున్న పూటకూళ్లవాని యింట చేర్చెను. ఈ మాసము మనము ఆ యింటిని గూర్చి ధ్యానింతము. ఏలయనగా మన సంఘములలో కొన్ని కుటుంబములు అట్టి యింటి గడప యెదుట నిలిచి, తమవానిని లోపలికి పంపుట పాపమేమో అని వణకుచున్నవి.

జరిగిన సంగతి

మా సంఘములలో ఒక విధవరాలు కలదు. ఆమె చిన్న కుమారుడు మిరపకోతల కాలమున ఒక రాత్రి మోటారు సైకిలుపై ఇంటికి వచ్చుచు అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిపై పడిపోయెను. తలకు హెల్మెట్టు లేదు. దారినపోవువారు 108 బండిని పిలిచిరి. గుంటూరులో తలకు శస్త్రచికిత్స జరిగెను. ప్రాణము దక్కెను. సంఘమంతయు కృతజ్ఞతా కూడిక పెట్టుకొని సంతోషించితిమి.

కాని ఇంటినుండి వెళ్లినవాడు వేరు, తిరిగి వచ్చినవాడు వేరు. ఉదయము తినినది మధ్యాహ్నమునకు జ్ఞాపకముండదు. మెల్లనివాడని పేరుపొందినవాడు చిన్న మాటకే మండిపడును. తల్లిమీద చెయ్యి చేసికొనును, పిమ్మట తానే యేడ్చును. అప్పుడప్పుడు మూర్ఛ వచ్చును. రాత్రులు లేచి ఎటో వెళ్లిపోవును. ఈ విధముగా నాలుగేండ్లు గడచెను.

ఇట్టివారిని చేర్చుకొని చూచుకొను ఆశ్రయగృహమొకటి కలదని ఒక నర్సు ఆ తల్లికి చెప్పెను. ఆమె మా సలహా అడుగవచ్చెను. అప్పుడు మేము చేసిన తప్పును ఈ పత్రికలో ఒప్పుకొనుచున్నాము. స్వకీయులను సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు వ్రాసిన మాటను ఆమెకు జ్ఞాపకము చేసితిమి. క్రైస్తవ కుటుంబము తన బిడ్డను పరులకు అప్పగింపరాదని చెప్పితిమి. ఆమె మారుమాటాడక కొంగు నోటికి అడ్డము పెట్టుకొని వెళ్లిపోయెను.

రెండు నెలలకు ఒక రాత్రి అతడు ఇల్లు విడిచి పోయెను. తెల్లవారునప్పటికి సాగర్ కుడికాలువ గట్టున, మోకాళ్లవరకు తడిసిన బట్టలతో కూర్చుండి కనబడెను. చీకటిలో అతని వెదకుచు తల్లి పడి తుంటి యెముక విరుగగొట్టుకొనెను. మేము చూడబోయినప్పుడు ఆమె మమ్మును నిందింపలేదు. ఒక్క మాట అడిగెను: "అయ్యగారూ, నేను పోయాక వీడికి ఎవరండీ?" మాయొద్ద జవాబు లేకపోయెను. ఆ దినమునుండి మేము వాక్యమును మరల చదువ మొదలుపెట్టితిమి.

వాక్యము చెప్పుచున్న సంగతి

మొదట, మేము ఆ తల్లిమీద మోపిన పౌలు మాటనే చూడుడి. 1 తిమోతి 5వ అధ్యాయము చేతనైయుండియు తప్పించుకొనువారిని గద్దించుచున్నది గాని, ఒంటరి విధవరాలి వీపుమీద మోయరాని బరువు పెట్టుటకు వ్రాయబడలేదు. ఆ వాక్యభాగము ముగింపునొద్ద, దిక్కులేనివారిని సంఘమే పోషింపవలెనని యున్నది. అనగా కుటుంబమునకు ఒక భాగము, సంఘమునకు ఒక భాగము. మేము కుటుంబపు భాగమును చదివి వినిపించి, సంఘపు భాగమును మూసి పెట్టితిమి.

రెండవది, సిలువమీదనున్న ప్రభువును చూడుడి. తల్లిని విడిచి వెళ్లవలసిన గడియలో ఆయన ఆమెను శిష్యునికి అప్పగించెను. నాటినుండి ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను. మరియొకని యింట అప్పగించుట ప్రేమ చాలకపోవుటయైతే ప్రభువు ఆ పని చేసియుండడు గదా. అప్పగించుట వేరు, పారవేయుట వేరు.

మూడవది, సమరయుని క్రమమును చూడుడి. గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టెను. తన పశువుమీద ఎక్కించెను. పూటకూళ్లయింటికి తెచ్చి ఆ రాత్రి తానే పరామర్శించెను. మరునాడు రెండు దేనారములు ఇచ్చెను. ఒక దేనారము ఆ కాలమున కూలివాని దినకూలియని మత్తయి 20:2 వలన తెలియుచున్నది. ఎక్కువ ఖర్చయినయెడల మరల వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పెను. తనకు రాని పనిని అది చేయగలవానికి అప్పగించెను గాని, బాధ్యతను మాత్రము అప్పగింపలేదు. ఈ పాఠమంతటికి మూలమైన సంగతి ఇదియే.

ఈ గాయము ఎట్టిది

పుఱ్ఱె గట్టిది, లోపలి మెదడు మెత్తనిది. తల నేలకు కొట్టుకొనినప్పుడు మెదడు ఎముక గోడలకు తగులును. నరముల తీగెలు సాగి తెగును. లోపల నెత్తురు గడ్డకట్టి ఒత్తును. నుదుటి వెనుకనున్న భాగము దెబ్బతినినయెడల కోపమును అణచుకొను శక్తియు, ముందు వెనుకలు ఆలోచించు శక్తియు తగ్గును. కణతల లోపలి భాగము దెబ్బతినినయెడల క్రొత్త సంగతులు జ్ఞాపకముండవు. కావున అతడు కావలెనని చేయుచున్నాడని అనుకొనకుడి. కాలు విరిగినవాడు కుంటినట్లే మెదడు గాయపడినవాడు మరచిపోవును, విసుగుకొనును, త్వరగా అలసిపోవును.

దెబ్బ తగిలిన వేళ వైద్యులు గ్లాస్గో కొలత అనుదానితో తెలివిని లెక్కించెదరు. ఇది 1974లో స్కాట్లండు దేశపు వైద్యులు ఏర్పరచినది. కన్ను తెరచుటకు, మాటకు, కదలికకు మార్కులు వేయుదురు. మొత్తము 15 వచ్చిన పూర్తి తెలివి. 8గాని అంతకు తక్కువగాని వచ్చిన గాయము తీవ్రము. స్వస్థత మొదటి ఆరు నెలలలో వేగముగాను, తరువాత మెల్లగాను జరుగును. రెండేండ్లు దాటిన పిమ్మట పెద్ద మార్పులు అరుదు గాని, అలవాటు పెట్టినకొలది క్రొత్త పనులు నేర్చుకొనుట మాత్రము ఆగదు.

మన పల్లెలలో దీనిని గాలి సోకెననియు దయ్యము పట్టెననియు చెప్పి మందులు మాన్పించువారున్నారు. మూర్ఛ మందు హఠాత్తుగా మానిన ప్రాణాపాయము. ప్రార్థన మందును నిషేధింపదు. 1842లో గుంటూరు చేరిన హయ్యరుగారు స్వదేశమునకు వెళ్లి వైద్యవిద్య నేర్చుకొని మరల వచ్చి, 1849లో మన గురజాలలో నివసించి సేవచేసిరి. 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు గుంటూరులో ఆసుపత్రి కట్టించిరి. సువార్తయు వైద్యమును మన ప్రాంతమునకు ఒకే త్రోవను వచ్చినవి. వాటిని మనము విడదీయరాదు.

ఇది మన ఒక్క గ్రామపు బాధ కాదు. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయిరి. 4,43,366 మంది గాయపడిరి. చనిపోయినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములవారే. రాజగృహములును తప్పించుకొనలేదు. 2005లో జోధ్‌పూరు యువరాజు పోలో ఆటలో గుఱ్ఱముమీదనుండి పడి తలకు గొప్ప గాయము పొందగా, ఆయన తండ్రి 2007లో ఇట్టివారి కొరకు ఒక సంస్థను స్థాపించెను.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు మేరీ వర్గీసుగారు 1954లో కారు ప్రమాదమున నడుము క్రింద చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైరి. ఆమె ఆ కుర్చీలోనే కూర్చుండి కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. విదేశములలో మరింత నేర్చుకొని వచ్చిరి. 1966లో వెల్లూరులో పునరావాస సంస్థ ఆమె నాయకత్వమున తెరువబడెను. గాయపడినవారు తిరిగి బ్రదుకుట నేర్చుకొను చోటును గాయపడిన ఒక స్త్రీయే నిలువబెట్టెను.

మెఫీబోషెతు మనకు నేర్పు సంగతులు

పాత నిబంధనలో మెఫీబోషెతును చూడుడి. అయిదేండ్ల బాలుడై యుండగా దాది అతని నెత్తుకొని పారిపోవుచుండెను. ఆ తొందరలో అతడు పడి కుంటివాడాయెను. ఇదియు ఒక ప్రమాదమే. ఎవరి శాపమును కాదు. పిమ్మట అతడు లోదెబారులో మాకీరు అనువాని యింట నుండెను. స్వంత యిల్లు పోయినవానికి పరాయి యింట చోటు దొరకెను. ఆ మాకీరు సాధుస్వభావుడై యుండెనని మనము తలంచవచ్చును. దావీదు అరణ్యమున అలసియున్నప్పుడు పరుపులును పాత్రలును ఆహారమును తెచ్చినవారిలో ఇతడును ఒకడు (2 సమూయేలు 17:27–29).

దావీదు మెఫీబోషెతును తన బల్లయొద్దకు పిలిపించి, అతని పొలమును సాగుచేయుటకు సీబాను నియమించెను. చాల మంచి యేర్పాటు. అయితే కష్టకాలము రాగానే సీబా యజమానునిమీద కొండెములు చెప్పి ఆస్తి సంపాదించుకొనెను. దావీదు మెఫీబోషెతును ఒక్క మాట అడుగకయే తీర్పు చెప్పెను. అతడు తిరిగి కనబడినప్పుడు, కాళ్ల శుభ్రత చూచుకొనక, గడ్డము కత్తిరించుకొనక, బట్టలు ఉదుకుకొనక యుండెను. ఈ మాట మనము నిలిచి ఆలోచింపవలెను. నడువలేనివాని పక్షమున మాటలాడువాడు అతని సొమ్ము తినగలడు. మంచివాడైన రాజు సహితము అతనిని అడుగుట మరచిపోగలడు.

మేము ఆ కుమారునితోను తల్లితోను ఆశ్రయగృహమునకు వెళ్లిన దినమున అక్కడి పర్యవేక్షకురాలు అతనివైపు తిరిగి, "నాయనా, ఇక్కడ ఉంటావా?" అని అడిగిరి. ఉంటాడని అన్న చెప్పెను. ఉంటాడని మేము చెప్పితిమి. ఆమె చెయ్యెత్తి మమ్మునందరిని ఆపి, అతని ముఖమే చూచుచు కాచుకొనిరి. చాలసేపటికి అతడు, "అమ్మ వస్తుందా?" అని అడిగెను. నాలుగేండ్లలో ఆ ప్రశ్న అడుగు అవకాశమును మేమెవరమును అతనికి ఇయ్యలేదు.

చేర్చుటకు ముందు చూడవలసినవి

మెదడు గాయపడిన పెద్దవారిని ఉంచుకొను ఇండ్లు మన దేశములో బహు కొద్ది. కావున దొరకినదే చాలునని తొందరపడు శోధన గొప్పది. ఈ క్రింది సంగతులను సంఘ పెద్దలును కుటుంబమును కలిసి విచారింపవలెను.

1. పత్రములు: 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19నుండి అమలులోనున్నది. అందులోని 21 విధముల వైకల్యములలో మెదడు గాయమను పేరు ప్రత్యేకముగా లేదు. అయినను నడకయో, మాటయో, బుద్ధియో, మనస్సో, ఏది దెబ్బతినెనో దానినిబట్టి వైద్యులు పరీక్షించి ధ్రువపత్రము ఇచ్చెదరు. కావున ఆసుపత్రి కాగితములన్నియు, స్కాన్ చిత్రములతో సహా, భద్రముగా ఉంచుడి. 2022 ఏప్రిలు 4న పల్నాడు జిల్లా ఏర్పడెను గనుక కలెక్టరు కార్యాలయమునకు గుంటూరు పోనక్కరలేదు, నరసరావుపేటలోనే యున్నది.

2. ఆ గృహము నమోదైనదా? ఆ చట్టము ప్రకారము నమోదు పత్రము లేకుండ వికలాంగుల గృహము నడుపరాదు. పత్రము చూపుమని అడుగుటకు సిగ్గుపడకుడి. క్రైస్తవ నామము గోడమీద వ్రాసినంత మాత్రమున చాలదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయమునకు నిప్పు అంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న 28 మంది కదలలేక మరణించిరి. మానసిక రోగులను గొలుసులతో కట్టుట 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టముచేత నిషేధింపబడినది. పడకలను, మరుగుదొడ్లను, వంటయింటిని కన్నులార చూడుడి. రాత్రి ఎందరు మేల్కొనియుందురో అడుగుడి. మనము ఎప్పుడైనను రావచ్చునా అని అడుగుడి. రాకూడదని చెప్పిన చోట చేర్చకుడి.

3. ఉన్నది ఉన్నట్లు చెప్పుడి: మూర్ఛలు ఎన్ని నాళ్లకు వచ్చును, మ్రింగునప్పుడు పొరపోవునా, మలమూత్రములు తెలియునా, కోపము దేనివలన వచ్చును, ఏమి చేసిన చల్లారును, ఏ మందు ఏ వేళ ఇయ్యవలెను — ఇవన్నియు వ్రాసి యియ్యవలెను. చేర్చుకొనరేమోయని కొట్టుటను దాచినయెడల, అక్కడి పనివారికిని అతనికిని కీడు చేసినవారమగుదుము. అతనికి ఇష్టమైన పాట, కూర, పని కూడ వ్రాయుడి. రోగము మాత్రమే వ్రాసిన కాగితము మనుష్యుని తెలుపదు.

4. అతని సమ్మతి: వికలాంగుడు ఫలాని చోటనే ఉండవలెనని బలవంతము చేయరాదని 2016 చట్టము చెప్పుచున్నది. స్వయముగా నిర్ణయింపలేని సంగతులలో సహాయకునిగా సంరక్షకుని నియమింపవచ్చును గాని, ఆ సంరక్షకుడు అతనితో ఆలోచించియే నడువవలెను. మొదట కొన్ని దినములు ఉండి చూచుట మంచిది.

5. అతని సొమ్ము: 2024 జూలైనుండి మన రాష్ట్రములో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచమునకు పరిమితమైనవారికి 15,000 రూపాయలుగా ఏర్పడెను. అది అతనిది, అన్నదియు కాదు, ఆశ్రయగృహమువారిదియు కాదు. పొలములో భాగమున్నయెడల అదియు అతనిదే. ఏటేట ఇద్దరు పెద్దలు లెక్క చూడవలెను. మనలో సీబాలు ఉండరని అనుకొనకుడి.

రెండు దేనారములును, మరల వచ్చుటయు

మా సంఘములో స్త్రీల సమాజమువారు తీసిపెట్టు పిడికెడు బియ్యములో ఒక భాగమును ఆ కుమారుని ఖర్చుకు ఏర్పరచితిమి. రెండు దేనారములు ఆ విధముగా సమకూడినవి. కాని దేనారములకన్న కష్టమైనది మరల వచ్చుట. నెలకొక కుటుంబము వెళ్లవలెనని మొదటి ఆదివారమున తీర్మానించితిమి. మొదటి మూడు నెలలు ఎవరమును వెళ్లలేదు. మిరపకోతలనియు, పెండ్లిండ్లనియు, పండుగలనియు చెప్పుకొంటిమి. తుంటి విరిగిన తల్లియే చేతికఱ్ఱతో బస్సు ఎక్కి వెళ్లెను. యాజకుడును లేవీయుడును మా పేర్లతోనే ఆ త్రోవను పోవుచుండిరని అప్పుడు తెలిసికొంటిమి.

ఇప్పుడు మందిరపు గోడమీద పట్టీ వ్రాసి పెట్టితిమి. ఎవరి వంతు వారు వెళ్లుచున్నారు. మేము పోయినప్పుడెల్ల అతడు, "మిరపకాయ కోశారా?" అని అడుగును. చెప్పెదము. పది నిమిషములకు మరల అడుగును. మరల మొదటిసారి అడిగినట్లే చెప్పెదము. అతనికి మా పేరు జ్ఞాపకముండదు. అయినను మేము కూర్చుండుటకు కుర్చీ లాగి వేయును. అక్కడ తోటపని నేర్చుకొనెను. కోపము పోలేదు గాని తగ్గెను. క్రిస్మసునకు ఇంటికి తెచ్చి, ఆరాధనలో అన్న ప్రక్కను కూర్చుండబెట్టితిమి. మెఫీబోషెతుకు రాజు బల్లయొద్ద చోటు ఉండినట్లు, ఆశ్రయగృహమున నున్నవానికి మన ప్రభువు బల్లయొద్ద చోటు ఖాళీగా ఉంచవలెను. సంఘపు పట్టీలోనుండి అతని పేరు కొట్టివేయరాదు.

అందరును ఆశ్రయగృహమునకు పోవలెనని మేము చెప్పుటలేదు. ఇంటనే చూచుకొనగలిగినవారు ధన్యులు. వారికి వారమునకు ఒక పూటయైనను విశ్రాంతి కలుగునట్లు ఇరుగుపొరుగు విశ్వాసులు వెళ్లి కూర్చుండవలెను. చూచుకొనలేనివారు దోషులు కారు. అయితే రెండు త్రోవలలోను సంఘము దూరమునుండి చూచుచు నిలువరాదు.

యౌవనస్థులకు ఒక మాట. హెల్మెట్టు లేకుండ బండి ఎక్కకుడి. రోడ్డుపై పడియున్నవానిని చూచి పోలీసులకు భయపడి దాటిపోకుడి. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 134ఎ సెక్షను, సహాయము చేసినవానిని కాపాడుచున్నది. ఆ సెక్షనులో అట్టివానికి పెట్టిన పేరు మంచి సమరయుడనియే. దేశపు చట్టము మన ప్రభువు చెప్పిన ఉపమానమునుండి పేరు తీసికొనగా, ఆ ఉపమానమును చదువుకొను మనము ప్రక్కగా పోవుట తగునా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఇంటిలోపలనే యుండి మందిరమునకు రాలేకపోవుచున్నవారు ఎవరు? చివర వారిని చూచినది ఎప్పుడు?

2. అప్పగించుటకును పారవేయుటకును భేదము ఏమి? సమరయుని నడవడినుండి చూపుడి.

3. దావీదు సీబా మాటను నమ్మి మెఫీబోషెతును అడుగకపోయెను. మనము ఎవరిని అడుగకయే వారి సంగతి తీర్మానించుచున్నాము?

4. నెలకొకసారి వెళ్లుటకు మీ యింటివారు ఏ దినమును ఏర్పరచుకొందురు?

ప్రార్థన

గాయపడినవారి దేవా, మేము మా మాటలతో బరువు పెట్టి, మా చేతులతో మోయకపోయిన దినములను క్షమించుము. తన్నుతాను మరచిన నీ బిడ్డలను నీవు మరువవని నమ్ముచున్నాము. వారిని చూచుకొను తల్లులకు నిద్రను, ఆశ్రయగృహములలో పనిచేయువారికి ఓర్పును, మాకు మరల వెళ్లు కాళ్లను దయచేయుము. మరల వచ్చెదనని సెలవిచ్చిన ప్రభువైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.